బండి ఎక్కిందెవరు, బండి కట్టిందెవరు?



మా ఇంట్లో నాన్న పెళ్ళికి ముందు తీయించుకున్న ఫొటో ఒకటుంది. కోటప్పకొండ తిరునాళ్ళలో తీసింది. నల్లకళ్ళజోడు పెట్టుకుని, బుల్లెట్ మీద కూర్చుని, ఎక్కడికో దూసుకుపోతున్నట్టు చూస్తుంటాడు. దగ్గరగా పట్టుకుని చూస్తే ఆ బండి చెక్క మీద వేసిన బొమ్మ. వెనక స్టూలు మీద కూర్చుంటే ముందునుంచి బండి ఎక్కినట్టే కనపడుతుంది. కళ్ళజోడు కూడా ఫొటోవాడిదే. అప్పట్లో మా ఊళ్ళో మావాళ్ళు పెద్దబజారు దాటాలంటే సైకిలు దిగి నడిపించుకుంటూ పోవాలి. ఊళ్ళో సైకిలు దిగాల్సిన మనిషి తిరునాళ్ళలో నాలుగు డబ్బులిచ్చి బుల్లెట్ ఎక్కాడు. తీసినతని పేరేంటి నాన్నా అని అడిగితే ‘ఏమో’ అంటాడు. ఫొటో వెనక ఏమీ రాసి లేదు.

ఈ ఫొటో ఇప్పుడెందుకు తీశానో చెబుతాను.

ఈ ఏడు ఏప్రిల్ 14న చుట్టుపక్కల పల్లెల నుంచి మన కుర్రాళ్ళు బండ్ల మీద గుంటూరు వచ్చారు. నీలం జెండాలు, నీలం కండువాలు, డప్పులు. బ్రాడీపేట మీదుగా లాడ్జి సెంటర్‌లో బాబాసాహెబ్ విగ్రహం దగ్గరికి వెళ్ళారు. మర్నాడు ఒక పత్రికలో ఫొటో పడింది. కింద ‘ఆకతాయిల హల్‌చల్’ అని రాశారు. ముందు బండి మీద నిలబడి జెండా ఊపుతున్న పిల్లాడు నా విద్యార్థి. ఎంఏ తెలుగు రెండో సంవత్సరం.

రెండు రోజుల తర్వాత వాళ్ళ నాన్న బ్రాడీపేటలో మా ఇంటికొచ్చాడు. మిర్చి యార్డులో హమాలీ. కూర్చోమంటే కూర్చోలేదు. చొక్కా జేబులోంచి పేపరు ముక్క తీసి, మడతలు విప్పి చూపించాడు. ‘మేడంగారూ, మావోడు ఏం తప్పు చేశాడండీ?’ అని అడిగాడు. యార్డులో ఎవరో ఆ పేపరు చూపించి నవ్వారట.

బ్రాడీపేట నిండా ఆసుపత్రులే. సైలెన్సర్ పీకేసి రోగుల కిటికీల కింద మోత పెడితే అది తప్పే, ఆ పని చేసిన ఇద్దరు ముగ్గుర్ని నేనే తిట్టాను. కానీ ఇదే రోడ్డు మీద హీరో సినిమా విడుదలరోజు ఇంతకు పదింతల మోత ఉంటుంది. దాని కింద ‘అభిమానుల కోలాహలం’ అని రాస్తారు. మోత ఒకటే, కింద రాసే మాట వేరు.

ఆ రోజు మన పిల్లల చేతుల్లో ఎన్ని ఫోన్లున్నాయో లెక్కలేదు. మీరు తీసిన ఫొటోలు పంపండర్రా అని అడిగాను. ‘స్టోరేజీ నిండిపోయిందని తీసేశాం మేడం’ అన్నారు. ఆ రోజుకు మిగిలింది పత్రికవాళ్ళ ఫొటో ఒక్కటే. దాని కింద వాళ్ళ మాట ఒక్కటే.

అందుకే ఈ భాగంలో ఒక ఫొటోగ్రాఫర్ చరిత్ర, ఒక బండి చరిత్ర చెప్పాలనుకున్నాను. అవి మన ఊరివి కావు. కానీ చదివాక మనవే అనిపిస్తాయి.

ఒక ఫొటోలో ఇద్దరు ఫొటోగ్రాఫర్లు

1964. అమెరికాలో మేరీల్యాండ్ రాష్ట్రం, కేంబ్రిడ్జ్ అనే చిన్న పట్నం. గ్లోరియా రిచర్డ్‌సన్ నాయకత్వంలో నల్లవాళ్ళ ఉద్యమం నడుస్తోంది. నేషనల్ గార్డ్ సైనికులు ఊళ్ళో దిగారు. ఆ సైనికులు ఒక నల్ల యువకుణ్ణి పట్టి లాగుతున్నప్పుడు తీసిన ఫొటో ఒకటుంది. లాగబడుతున్నతని పేరు క్లిఫర్డ్ వాన్. అతనూ ఫొటోగ్రాఫరే. ఫొటో తీసినతని పేరు డానీ లయన్. ఇద్దరూ ఒకే సంఘంలో పనిచేస్తున్నారు.

ఆ సంఘం ‘స్నిక్’. 1960లో నల్లజాతి విద్యార్థులు పెట్టుకున్నది. అహింసా పద్ధతిలో పోరాడే విద్యార్థుల సమన్వయ కమిటీ అని దాని పేరుకు అర్థం. హోటల్ బల్లల దగ్గర కూర్చున్నారు, ఓటు నమోదుకి పల్లెపల్లె తిరిగారు, దెబ్బలు తిన్నారు, జైళ్ళకెళ్ళారు. వీళ్ళు చేసిన ఇంకో పని గురించి మనం తక్కువ మాట్లాడుకుంటాం. వాళ్ళు సొంత ఫొటోగ్రాఫర్లను పెట్టుకున్నారు. దక్షిణాది పత్రికలు తమ గురించి ఏం రాస్తాయో వాళ్ళకు తెలుసు. మన ఫొటో మనమే తీయాలి, మన మాట మనమే రాయాలి అనుకున్నారు.

డానీ లయన్ 1942లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పుట్టాడు. యూదు కుటుంబం. షికాగో విశ్వవిద్యాలయంలో చరిత్ర చదువుతూ 1962లో కెమెరా పట్టుకుని దక్షిణాదికి వెళ్ళాడు. జేమ్స్ ఫోర్మన్ అతన్ని స్నిక్ మొదటి ఫొటోగ్రాఫర్‌గా తీసుకున్నాడు. తర్వాత పార్లమెంటు సభ్యుడైన జాన్ లూయిస్, ఇతనూ అట్లాంటాలో ఒకే గదిలో ఉన్నారు.

అతని ఫొటో చేసిన పని ఒకటి చెబుతాను. 1963లో జార్జియా రాష్ట్రంలో అమెరికస్ అనే ఊళ్ళో కొందరు నల్లపిల్లలు సినిమా హాలు ముందు గుమ్మం దగ్గర టిక్కెట్ల వరసలో నిలబడ్డారు. నల్లవాళ్ళు వెనక సందులోంచి రావాలని అక్కడి కట్టు. ఆ ఆడపిల్లల్ని పట్టుకెళ్ళి లీస్‌బర్గ్ అనే చోట పాత జైల్లో పడేశారు. అందరూ స్కూలు వయసు పిల్లలు. మంచాల్లేవు, సరైన నీళ్ళు లేవు. వారాలు గడిచాయి. లయన్ కారులో దాక్కుని అక్కడికెళ్ళి, ఊచల మధ్యనుంచి ఆ పిల్లల్ని ఫొటోలు తీశాడు. ఆ ఫొటోలు బయటికి రావడం వాళ్ళ విడుదలకు తోడ్పడింది.

సినిమా హాలు అనగానే మీకేం గుర్తొచ్చింది? నాకైతే చుండూరు. ఆ సంగతికి వస్తాను.

తిరుగుబాటుదారుడి బొమ్మ ఎక్కడ పుట్టింది

1960ల మధ్యలో లయన్ షికాగోకు తిరిగొచ్చి ‘అవుట్‌లాస్’ అనే మోటార్‌సైకిల్ గుంపులో చేరాడు. తనకూ ట్రయంఫ్ బండి ఉంది. వాళ్ళతో తిరిగాడు, తిన్నాడు, ఫొటోలు తీశాడు, టేప్ రికార్డర్ పెట్టి మాట్లాడించాడు. 1968లో ‘ద బైక్‌రైడర్స్’ పుస్తకం వచ్చింది. ఫొటోలతో పాటు ఆ మనుషుల మాటలు వాళ్ళ గొంతులోనే ఉంటాయి. అందులో మనసుకు పట్టే గొంతు క్యాథీ అనే ఆమెది, గుంపులో ఒకతని భార్య. ఆ పుస్తకం ఆధారంగా 2023లో సినిమా కూడా తీశారు.

లయన్ పద్ధతి మనం నేర్చుకోదగ్గది. దూరంగా నిలబడి జూమ్ చేసి తీయలేదు. లోపలికి వెళ్ళి ఉండి తీశాడు. అతనికి పదేళ్ళ తర్వాత కాలిఫోర్నియాలో గ్లెన్ ఫ్రీడ్‌మన్ అనే కుర్రాడూ ఇలాగే చేశాడు. 1970ల మధ్యలో అక్కడ కరువొచ్చి డబ్బున్నవాళ్ళ ఇళ్ళల్లో ఈతకొలనులు ఎండిపోయాయి. శాంటా మోనికా దగ్గరి బీదపేటల పిల్లలు గోడలు దూకి ఆ ఖాళీ కొలనుల్లో స్కేట్‌బోర్డులు నడిపారు. వాళ్ళ మధ్య తిరుగుతూ, వాళ్ళ ఈడువాడే అయిన ఫ్రీడ్‌మన్ ఫొటోలు తీశాడు. తర్వాత పబ్లిక్ ఎనిమీ అనే నల్లవాళ్ళ ర్యాప్ బృందానికీ ఫొటోలు తీశాడు.

అయితే అవుట్‌లాస్ తిరుగుబాటు దేనిమీద? లయన్‌కే ఒక దశలో ఆ అనుమానం వచ్చింది. ఒకసారి గుంపులో ఒకడు పెద్ద నాజీ జెండా తెచ్చి, పిక్నిక్‌లో దుప్పటిలా పరిచాడు. లయన్ వాడితో గొడవపడ్డాడు. ఆ గుంపు మీద అతని మోజు అప్పటికే తగ్గుతోంది. జాన్ లూయిస్‌తో ఒకే గదిలో ఉన్నవాడు, యూదుల బిడ్డ, ఆ జెండాను ఎలా భరిస్తాడు?

అసలు మోటార్‌సైకిలువాడు అంటే తిరుగుబాటుదారుడు అన్న బొమ్మ కూడా ఒక ఫొటోతోనే మొదలైంది. 1947 జులైలో కాలిఫోర్నియాలో హోలిస్టర్ అనే ఊళ్ళో బండ్ల పోటీలకు వచ్చిన కుర్రాళ్ళు తాగి అల్లరి చేశారు. లైఫ్ పత్రికలో ఒక ఫొటో పడింది. బండి మీద తూలుతున్న మనిషి, చేతుల్లో సీసాలు, చక్రాల కింద సీసాల కుప్ప. ఆ సీసాలు ఫొటో కోసం పేర్చినవని, అప్పుడు అక్కడున్న ఒకతను తర్వాత చెప్పాడు. అయితేనేం, బొమ్మ స్థిరపడిపోయింది. 1953లో మార్లన్ బ్రాండో తోలుకోటు వేసుకుని ‘ద వైల్డ్ వన్’లో నటించాడు. రౌడీ అన్నవాడు ఆరేళ్ళలో హీరో అయిపోయాడు.

తెల్లవాడి అల్లరికి ఆ సౌకర్యం ఉంది. వాడు రౌడీ నుంచి హీరోకి పోగలడు. మన భాషలోనూ ఆ సౌకర్యం ఎవరికుందో చూడండి. ఆదిపర్వంలో అస్త్రవిద్యా ప్రదర్శన రోజున కర్ణుడి తండ్రి రథం తోలేవాడని తెలియగానే, నీకు విల్లెందుకు, కొరడా పట్టుకో అని భీముడు ఎగతాళి చేస్తాడు. అదే కృష్ణుడు అర్జునుడి రథం తోలితే ‘పార్థసారథి’ అని గుడి కడతాం. ఒకటే పని. కర్ణుడి తండ్రి చేస్తే తిట్టు, కృష్ణుడు చేస్తే బిరుదు. నేను క్లాసులో ఇది చెప్పిన ప్రతిసారీ వెనక బెంచీలో ఎవరో ఒకరు తలెత్తి చూస్తారు.

పేరు లేని బండి

ఇప్పుడు మళ్ళీ క్లిఫర్డ్ వాన్ దగ్గరికి వద్దాం. సైనికులు లాగుతున్న ఆ యువకుడు.

వాన్ 1937లో బోస్టన్‌లో పుట్టాడు. మెరైన్ సైనికుడిగా పనిచేశాడు. లాస్ ఏంజెలెస్ చేరి పాత హార్లీ బండి ఒకటి కొన్నాడు. అక్కడ బెన్ హార్డీ అనే నల్లజాతి మెకానిక్ షెడ్డు ఉంది. అతని దగ్గర వాన్ ‘చాపర్’ కట్టడం నేర్చుకున్నాడు. చాపర్ అంటే కంపెనీ ఇచ్చిన బండిలో అక్కర్లేని భాగాలన్నీ కోసేసి, ముందు ఫోర్కు పొడుగ్గా సాచి, సొంతంగా కట్టుకున్న బండి.

1964లో ఆ చాపర్ మీద వాన్ అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో తిరిగాడు. ఆ రోజుల్లో అక్కడ నల్లవాడికి రోడ్డంటే ఏమిటో తెలియాలంటే ‘గ్రీన్ బుక్’ గురించి తెలియాలి. విక్టర్ గ్రీన్ అనే నల్లజాతి పోస్ట్‌మన్ 1936 నుంచి వేసిన పుస్తకం అది. నల్లవాళ్ళు ప్రయాణంలో ఎక్కడ తినొచ్చు, ఎక్కడ పడుకోవచ్చు అని ఊరూరి జాబితా. అంటే మిగతా చోట్ల ఆగకు అని అర్థం. అలాంటి రోడ్డు మీద, అలబామాలో, ఒక నల్లవాడు ఒంటరిగా తళతళలాడే చాపర్ మీద వెళ్ళాడు. తనను చూసి అక్కడి నల్లవాళ్ళకు ధైర్యం రావాలనుకున్నాడు. తెల్ల భూస్వామి ఎవరైనా తుపాకీ పట్టుకుని వెంటపడతాడేమో అన్న భయం కూడా ఉండేది.

అవుట్‌లాస్ రోడ్డెక్కితే అది సరదా. వాన్ రోడ్డెక్కితే తిరుగుబాటు. బండి కంపెనీ ఒకటే కావచ్చు. తిరుగుబాటు ఇంజన్లో ఉండదు. ఎవరు, ఏ రోడ్డు మీద ఎక్కారన్న దాంట్లో ఉంటుంది.

1969లో ‘ఈజీ రైడర్’ సినిమా వచ్చింది. పీటర్ ఫోండా అమెరికా జెండా రంగులు వేసిన పొడుగు ఫోర్కు చాపర్ మీద వెళ్తుంటాడు. స్వేచ్ఛ అంటే ఇదే అని ప్రపంచం గోడల మీద అంటించుకున్న బొమ్మ అది. ఆ బండ్ల రూపం వాన్‌ది. కట్టింది బెన్ హార్డీ. పోలీసులు వాడి వేలంలో అమ్మేసిన పాత హార్లీలను విప్పి కట్టారు. పోలీసు బండిని నల్లవాళ్ళ చేతులు స్వేచ్ఛ బండిగా మార్చాయి.

సినిమా పేర్లలో వాళ్ళిద్దరి పేర్లూ లేవు. ప్రధాన పాత్రల్లో నల్లవాడూ లేడు. దశాబ్దాల పాటు ఆ బండ్లు ఎవరు కట్టారన్నది బండ్ల పిచ్చివాళ్ళలో కొందరికి తప్ప తెలియలేదు. 2014లో, ఆ సినిమాలోదే అని చెప్పిన ఒక బండికి కాలిఫోర్నియాలో వేలంలో 13.5 లక్షల డాలర్ల పాట వచ్చింది. అది అసలుదా కాదా అని పెద్ద గొడవ జరిగింది. బండి అసలుదేనా అని అన్ని లక్షల మీద తగువాడిన లోకం, కట్టినవాడు ఎవడని అడగడానికి నలభై ఏళ్ళు తీసుకుంది. వాన్‌కు ఆ గుర్తింపు చాలా ఆలస్యంగా దక్కింది. 2016లో చనిపోయాడు.

ఆలోచించండి. స్నిక్‌లో ఉన్నప్పుడు వాన్ ఫొటో ఉంది, కింద పేరుంది. ఎందుకంటే తీసింది అతని సంఘం ఫొటోగ్రాఫర్. హాలీవుడ్‌లో అతని బండి ఉంది, పేరు లేదు. ఎందుకంటే పేర్లు వేసింది వేరేవాళ్ళు.

ఊరేగింపు అనే మాట

తెలుగులో ‘ఊరేగింపు’ అన్న మాట చూడండి. ఊరు, ఏగడం. ఊళ్ళోంచి వెళ్ళడం. దేవుడు ఊరేగుతాడు, పెళ్ళికొడుకు ఊరేగుతాడు. మనం ఉండేది ఊరికి అవతల వాడలో. ఊరు మనది కానప్పుడు ఊరేగింపు మనదెట్లా అవుతుంది? అందుకే మనవాళ్ళు ఊళ్ళోంచి ఏ రకంగా వెళ్ళినా, సైకిలు మీదైనా, గుర్రం మీదైనా, బండి మీదైనా, ఊరికి అది తిరుగుబాటుగానే కనపడింది.

మనకు అసలు బండిదాకా వెళ్ళనక్కర్లేదు. 1985 జులై 17న కారంచేడులో ఆరుగుర్ని చంపారు. గొడవ తాగునీళ్ళ చెరువు దగ్గర మొదలైంది. మున్నంగి సువార్త తన బిందె ఎత్తడం అక్కడ తిరుగుబాటు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపారు. అంతకు నెల ముందు సినిమా హాల్లో ఒక దళిత విద్యార్థి కాలు ముందు సీటువాడికి తగలడం అక్కడ తిరుగుబాటు. చదువుకుని, ఉద్యోగాలు చేసుకుంటూ, ఇస్త్రీ బట్టలేసుకుని, కాలుమీద కాలేసుకుని కూర్చున్న యువకులు ఆ ఊరి కంటికి ‘ఆకతాయిలు’గానే కనపడ్డారు. అమెరికస్‌లో ముందు గుమ్మం, చుండూరులో కుర్చీ. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. కోర్టు కాగితాలు కొట్టేయగలరు. మన దగ్గరున్న ఫొటోలు, పేర్లు, తేదీలు ఎవరూ కొట్టేయలేరు, మనం కొట్టేసుకుంటే తప్ప.

చక్రం మంచి పనీ చేయగలదు. మధ్యప్రదేశ్ పన్నా జిల్లాలో జన్వార్ అనే పల్లె ఉంది. 2015లో ఉల్రికే రైన్‌హార్ట్ అనే జర్మన్ ఆమె అక్కడ సిమెంటుతో స్కేట్‌బోర్డ్ మైదానం కట్టించింది. ఆదివాసీ పిల్లలు, యాదవుల పిల్లలు అంతకుముందు కలిసి ఆడేవాళ్ళు కాదు. బోర్డులు తక్కువ, పిల్లలు ఎక్కువ. పంచుకోక తప్పలేదు. అక్కడి నియమాల్లో ఒకటి, బోర్డు ముందు ఆడపిల్లకివ్వాలి. ఆ పల్లె నుంచి ఆశా గోండ్ అనే ఆదివాసీ అమ్మాయి 2018లో చైనాలో ప్రపంచ పోటీలకు వెళ్ళింది. దాంతో అక్కడ కులం పోయిందని నేననను. కానీ ముందు ఆడపిల్లకి అన్న ఆ నియమం దగ్గర మాత్రం నేను ఆగిపోయాను. మన ఏప్రిల్ 14 బండ్ల వరసలో ఎంతమంది అమ్మాయిలు హ్యాండిల్ పట్టారు? నేను స్కూటీ మీద చివర్లో వస్తున్నాను. నా వెనక ఇంకొక్కరు. మిగతా అమ్మాయిలు ఆటోల్లో, నడకలో. ఈ ప్రశ్న ఊరిని అడిగేది కాదు, మనల్ని మనం అడగాల్సింది.

ఇక మన పని

విద్యార్థులకు, సంఘాల పిల్లలకు నాదొక విన్నపం.

వచ్చే ఏప్రిల్ 14కి ప్రతి వాడ నుంచి ఒకరికి కెమెరా పని అప్పజెప్పండి. ఫోను చాలు. ఆ ఒక్కరు ఆ రోజు సెల్ఫీలు దిగకూడదు, రీల్స్ చేయకూడదు. తీసిన ఫొటోలు ఆ రాత్రే రెండు చోట్ల దాచాలి. ప్రతి ఫొటోకి నాలుగు సంగతులు రాయాలి. ఎవరున్నారు, ఏ వాడ, ఏ రోజు, తీసిందెవరు. పేరు బయటపెడితే ప్రమాదం అనుకున్నవాళ్ళ పేరు మన పుస్తకంలోనే ఉంచండి, పోస్టు చేయకండి. ఇంకొకటి. ఆ బండ్లను ముందు రోజు రాత్రంతా కూర్చుని బాగుచేసే మెకానిక్ కుర్రాళ్ళున్నారు. వాళ్ళు ఏ ఫొటోలోనూ ఉండరు. వాళ్ళను షెడ్డు దగ్గరికెళ్ళి తీయండి. మన బెన్ హార్డీలు వాళ్ళే.

ఇళ్ళల్లో ఉన్న పాత ఫొటోలు కూడా తీయండి. స్టూడియోలో తీయించుకున్నవి, తిరునాళ్ళవి, చర్చి కూడికలవి, చీరాల శిబిరంలోవి. తాతను, నాయనమ్మను పక్కన కూర్చోబెట్టుకుని పేర్లు అడిగి వెనక పెన్సిలుతో రాయండి. పెన్ను వద్దు, సిరా ముందుకు దిగుతుంది. ఆలస్యం చేయొద్దు. అడిగేలోపు చెప్పేవాళ్ళు పోతున్నారు.

ఆ హమాలీ అన్నకు ఆ రోజు నేను ఏం చెప్పాలో తెలియక, ఆ పేపరు ముక్క అడిగి తీసుకున్నాను. పత్రికవాళ్ళ మాట కత్తిరించేసి, ఫొటోని తెల్లకాగితం మీద అంటించి, కింద వాళ్ళబ్బాయి పేరు, ఎంఏ తెలుగు, వాళ్ళ ఊరు, వాడ, ‘అంబేద్కర్ జయంతి, గుంటూరు’ అని రాసిచ్చాను. ఆయన చదువుకోలేదు. ఏం రాశానో చదివి వినిపించమన్నాడు. రెండుసార్లు చదివించుకున్నాడు. మడత పెట్టకుండా, పట్టుకెళ్ళడానికి ఒక పుస్తకం అడిగాడు.

మా నాన్న ఫొటో వెనక కూడా రాశాను. పేరు, తిరునాళ్ళు, సుమారుగా ఏడాది. తీసినవారు అన్న చోట మాత్రం ఖాళీ వదిలాను. కోటప్పకొండ తిరునాళ్ళలో చెక్కబండి పెట్టుకుని ఫొటోలు తీసిన ఆ మనిషి ఎవరో మీ ఇంట్లో పెద్దవాళ్ళకు తెలిస్తే అడిగి చెప్పండి.

జై భీమ్.